జలాంతర్గామి శిల్పి జాన్ హాలండ్

విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ఇసుకపై నిలిచివున్న ‘కుర్సురా’ జలాంతర్గామిని విహారయాత్రలకు వెళ్ళిన విద్యార్థులెందరో చూసివుంటారు. 1969 నుండి 2001 వరకు భారత నౌకాదళంలో సేవలందించి, 2002లో ప్రదర్శనశాలగా మారిన ఆ నౌకలో అడుగుపెట్టినవారి చూపు టార్పెడో గొట్టాలపైన, పెరిస్కోపుపైన, ఇరుకైన పడకలపైన నిలుస్తుంది. తాము నడుస్తున్న నేల అడుగున బరువైన బ్యాటరీలకై నిర్మించిన గదులున్నాయన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. నీటిపై తేలుతున్నప్పుడు ఇంధనాన్ని మండించే యంత్రంతోను, మునిగినప్పుడు బ్యాటరీతోను నడిచే ఈ ఏర్పాటును పనికివచ్చే రూపంలో లోకానికి అందించినవాడు సైనికుడు కాడు, నావికుడు కాడు, ఇంజనీరింగు పట్టభద్రుడు కూడా కాడు. అతడు పిల్లలకు పాఠాలు చెప్పుకొనే సామాన్య ఉపాధ్యాయుడు. చూపు మందం. శరీరదారుఢ్యం అంతంత మాత్రం. అతని పేరు జాన్ ఫిలిప్ హాలండ్.

ఐర్లండు పశ్చిమతీరంలో, అట్లాంటిక్ మహాసముద్రపు అలలు తాకే క్లేర్ మండలంలో లిస్కానర్ అనే చిన్న పల్లె ఉంది. హాలండ్ అక్కడ 1841 ఫిబ్రవరిలో జన్మించాడని కొందరు జీవితచరిత్రకారులు, 1840లో అని మరికొందరు వ్రాశారు. తండ్రి బ్రిటిష్ తీరరక్షక దళంలో ఉద్యోగి. తల్లిది ఐరిష్ భాష మాట్లాడే కుటుంబం. ఇంట్లో వినిపించే మాట అదే కావడంతో బాలుడైన హాలండ్ బడిలో చేరిన తరువాతనే ఇంగ్లీషు నేర్చుకొన్నాడు. పాలకుల కొలువులో తండ్రి, పాలితుల భాషలో తల్లి. అతని జీవితంలోని వైరుధ్యాలన్నింటికీ బీజం ఆ ఇంట్లోనే పడిందనవచ్చు.

అతనికి నాలుగైదేళ్ళ వయస్సులో, 1845లో, ఐర్లండును మహాక్షామం కబళించింది. బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. కొద్ది సంవత్సరాల్లో సుమారు పది లక్షలమంది ఆకలితో, అంటువ్యాధులతో మరణించారు. అంతకుమించిన సంఖ్యలో ప్రజలు ఓడలెక్కి దేశం విడిచిపోయారు. ఆ అంటువ్యాధుల్లోనే హాలండ్ తన సోదరుణ్ణి కోల్పోయాడు. దేశంలో జనం మాడిపోతూ ఉండగా అక్కడ పండిన ధాన్యం రేవులకు చేరి ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది. సముద్రంపై ఆధిపత్యం ఎవరిదో వారిదే రాజ్యమన్న సత్యం ఆ తీరపు పిల్లలకు ఎవరూ బోధించనక్కరలేకపోయింది.

సముద్రయానం చేయాలని హాలండ్‌కు ఎంతో కోరిక. చూపు సహకరించలేదు. తండ్రి మరణించాక కుటుంబభారం మీద పడింది. 1858లో అతడు ‘ఐరిష్ క్రిస్టియన్ బ్రదర్స్’ అనే మతసంస్థలో చేరి ఉపాధ్యాయుడయ్యాడు. ఆ సంస్థ పాఠశాలలు నడుపుతూ పేదపిల్లలకు విద్య గరపేది. కార్క్ నగరంలో పనిచేసే రోజుల్లో డొమినిక్ బర్క్ అనే సహోపాధ్యాయుని సాంగత్యం లభించింది. బర్క్ విజ్ఞానశాస్త్ర ప్రయోగాలలో ఆరితేరినవాడు. విద్యుత్తును గూర్చిన తొలి పాఠాలు హాలండ్‌కు అక్కడ దొరికాయి.

1862లో అమెరికా అంతర్యుద్ధంలో రెండు ఇనుప కవచపు నౌకలు తలపడిన వార్త పత్రికల ద్వారా కార్క్ చేరింది. కొయ్య ఓడలకు కాలం చెల్లిందని అందరికీ తోచింది. హాలండ్ ఆలోచన మరొక మెట్టు ముందుకు సాగింది. బ్రిటన్ వంటి సంపన్న రాజ్యం ఇనుప నౌకలను ఎన్నైనా నిర్మించుకోగలదు. అటువంటి నౌకాదళాన్ని పేదదేశం ఎదిరించాలంటే నీటిపైన కాదు, నీటి అడుగున పోరాడాలి. తరగతి గదిలో చుక్కలు, గీతలు చెప్పే ఉపాధ్యాయుడు రాత్రివేళల్లో మునిగే పడవ చిత్రాలు గీయసాగాడు.

1873లో ఆరోగ్యం సరిగా లేక మతసంస్థను విడిచిపెట్టి అమెరికా చేరుకొన్నాడు. బోస్టన్ నగరంలో ఒకరోజు మంచుపై జారిపడి కాలు విరగ్గొట్టుకొన్నాడు. కదలలేని ఆ వారాల్లో పాత చిత్రాలను ముందుపెట్టుకొని లెక్కలు సరిచూసుకొన్నాడు. తరువాత న్యూజెర్సీ రాష్ట్రంలోని పేటర్సన్ పట్టణంలో మళ్ళీ బడిపంతులుగా కుదురుకొన్నాడు. 1875లో తన నమూనాను అమెరికా నౌకాదళానికి పంపాడు. అటువంటి పడవలో దిగడానికి ఇష్టపడే మనిషి దొరకడన్న అర్థం వచ్చే సమాధానంతో అధికారులు దానిని తిప్పికొట్టారు. మాట కటువైనా ఆ అధికారుల సందేహంలో కొంత సత్యం లేకపోలేదు.

నౌకాదళం కాదన్నా డబ్బు మరోచోట నుండి వచ్చింది. హాలండ్ తమ్ముడు మైకేల్ ద్వారా ‘ఫీనియన్లు’ అనే ఐరిష్ విప్లవకారులతో పరిచయం కలిగింది. బ్రిటన్‌పై పోరాటానికి అమెరికాలోని ఐరిష్ కూలీలు, పనిమనుషులు చందాలుగా వేసిన సొమ్ము వారి వద్ద నిధిగా ఉంది. హాలండ్ పడవకు అందులోనుండి పెట్టుబడి లభించింది. 1878 మే నెలలో పేటర్సన్ వద్ద పసేయిక్ నదిలోకి 14 అడుగుల పడవ దిగింది. గట్టున గుమిగూడిన మిల్లు కార్మికులు చూస్తూ ఉండగానే అది మునిగిపోయింది! జనం నవ్వుకొన్నారు. ఉపాధ్యాయుడు మాత్రం చిన్నబోలేదు. పడవను పైకి లాగించి, లోపం సరిదిద్ది, కొద్ది రోజులకే అందులో కూర్చొని నదిలో మునిగి, మళ్ళీ తేలాడు. యంత్రం మొరాయిస్తే పక్కన ఆవిరిపడవను నిలిపి దానినుండి గొట్టం ద్వారా ఆవిరి తెచ్చుకొన్నాడు. ఇంటి పెరటిలో చేసుకొన్న పనిముట్టులా ఉన్న ఆ పడవ ఈనాడు పేటర్సన్ ప్రదర్శనశాలలో ఉంది.

ఆ ప్రయోగం చూసిన ఫీనియన్లు పెద్ద పడవకు సొమ్ము ఇచ్చారు. 1881లో న్యూయార్కులో 31 అడుగుల పొడవు, 19 టన్నుల బరువు, ముగ్గురు సిబ్బంది గల జలాంతర్గామి సిద్ధమైంది. పత్రికలవారు దానికి ‘ఫీనియన్ రామ్’ అని పేరుపెట్టారు. మునిగే పడవలు కట్టిన ఇతరులు తొట్లలో నీరు నింపుకొని రాయిలా నిలువుగా దిగాలని చూసేవారు. హాలండ్ దారి వేరు. పడవ బరువును నీటి బరువుకు దాదాపు సమానం చేసి, ఏ కొంచెమో తేలే శక్తి మిగిల్చి, వెనుక అమర్చిన రెక్కలను వంచి, డాల్ఫిన్ మునిగినట్లు ముక్కుతో నీటిని చీల్చుకొంటూ దిగాలి. గమనం ఆగితే పడవ తనంతట తానే పైకి తేలుతుంది. ఒక్క సూత్రంలో వేగం, భద్రత రెండూ ఇమిడివున్నాయి. తరువాతి కాలపు జలాంతర్గాములకు అదే మార్గదర్శకమైంది.

అయితే ‘ఫీనియన్ రామ్’కు ఊపిరి తక్కువ. దానిలోనిది చమురు మండించే యంత్రం. మండడానికి గాలి కావాలి. నీటి అడుగున ఆ గాలి పీడనంతో నింపిన తొట్లనుండి రావాలి. మనుషులు పీల్చేదీ ఆ గాలినే. మనిషి, యంత్రం ఒకే కంచంలో తినవలసి వచ్చిందన్నమాట. అందులో యంత్రం ఆకలే పెద్దది.

ఆ చిక్కు తీరకముందే కథ మరో మలుపు తిరిగింది. 1883 నవంబరులో ఒక రాత్రి ఫీనియన్లలోని ఒక వర్గం, సొమ్ము వివాదాల కారణంగా, హాలండ్‌కు చెప్పకుండా పడవను రేవునుండి లాగుకొనిపోయింది. పక్కన ఉన్న మరో చిన్న నమూనాను కూడా తీసుకొనిపోబోగా అది దారిలో మునిగిపోయింది. దొంగిలించిన పడవను న్యూ హేవెన్ చేర్చారే గాని నడపడం వారిలో ఒక్కరికీ చేతకాలేదు. హాలండ్ దానిని తిరిగి అడగలేదు; వారికి సహాయమూ చేయలేదు. తన స్వహస్తాలతో రూపొందించిన నౌక ఒక షెడ్డులో తుప్పుపడుతూ ఉంటే అతడు వేరొక సంస్థలో చిత్రలేఖకునిగా పనిచేసి పొట్టపోసుకొన్నాడు. 1887లో మార్గరెట్ ఫోలీని వివాహం చేసుకొన్నాడు. సంసారం పెరిగింది, ఆదాయం పెరగలేదు.

ఇంతలో ఐరోపాలో విద్యుత్తు నీటిలోకి దిగింది. స్పెయిన్ నౌకాదళాధికారి ఐజాక్ పెరాల్ 1888లో పూర్తిగా బ్యాటరీతో నడిచే జలాంతర్గామిని నీటిపైకి తెచ్చాడు. విద్యుత్ మోటారుకు గాలి అక్కరలేదు, పొగ రాదు. కాని బ్యాటరీ ఖాళీ అయిన తరువాత నింపుకొనే సాధనం ఆ పడవలో లేదు. అందుకోసం మళ్ళీ రేవుకు రావలసిందే. చమురుయంత్రానికి దూరం వెళ్ళే శక్తి ఉంది, మునిగే శక్తి లేదు. బ్యాటరీకి మునిగే శక్తి ఉంది, దూరం వెళ్ళే శక్తి లేదు. రెండింటినీ ఒక పడవలో కాపురం పెట్టించడమే హాలండ్ చేసిన ఘనకార్యం.

అమెరికా నౌకాదళం పెట్టిన పోటీలో గెలిచి 1895లో అతడు ‘ప్లంజర్’ అనే పడవకు ఒప్పందం సంపాదించాడు. అధికారులు ఆవిరియంత్రం ఉండి తీరాలని పట్టుబట్టారు. పరీక్షల్లో యంత్రపు గదిలో ఉష్ణోగ్రత 55 డిగ్రీల సెల్సియస్ దాటింది. మనిషి నిలువలేని ఆ కొలిమిని హాలండ్ మనసులోనే వదిలివేసి, ప్రభుత్వంతో నిమిత్తం లేకుండా తన సంస్థ ఖర్చుతో మరో పడవ ఆరంభించాడు. న్యూజెర్సీలోని ఎలిజబెత్ రేవులో 1897 మే 17న నీటిపైకి వచ్చిన ఆ పడవే అతని ఆరవ జలాంతర్గామి. పొడవు సుమారు 54 అడుగులు. ఉపరితలంపై 45 అశ్వశక్తుల పెట్రోలు యంత్రం. అడుగున విద్యుత్ మోటారు. దానికి అరవైకి పైగా సీసపు ఘటాల బ్యాటరీ. పెట్రోలు యంత్రమే మోటారును డైనమోగా తిప్పి బ్యాటరీని మళ్ళీ నింపుతుంది. నీటిపై దాదాపు 200, నీటి అడుగున దాదాపు 30 నాటికల్ మైళ్ళు పోగల సత్తా దానికుంది.

ఆ సంవత్సరం అక్టోబరులో ఒక కార్మికుడు కవాటాన్ని మూయడం మరచిపోయాడు. రాత్రికి రాత్రి పడవ రేవులోనే మునిగి, పద్దెనిమిది గంటలపాటు ఉప్పునీటిలో ఉండిపోయింది. విద్యుత్ యంత్రాలన్నీ తడిసి ముద్దయ్యాయి. బయటినుండి ఎంత వేడి పెట్టినా లోపలి చుట్ల తడి ఆరలేదు. యంత్రాలను సరఫరా చేసిన సంస్థ ఫ్రాంక్ కేబుల్ అనే విద్యుత్ నిపుణుణ్ణి పంపింది. అతడు యంత్రాల్లోకి మెల్లగా విద్యుత్తును ప్రసరింపజేసి ఆ తీగల్లో పుట్టే వేడితోనే వాటిని ఆరబెట్టాడు. మరమ్మతుకు వచ్చిన ఆ నిపుణుడు తరువాత ఆ పడవకు నాయకుడై ఏళ్ళతరబడి దానిని నడిపాడు. 1898 మార్చి 17న, ఐరిష్ ప్రజల పండుగైన సెయింట్ పాట్రిక్ దినాన, న్యూయార్కు సమీప జలాల్లో హాలండ్ తన నౌకతో విజయవంతంగా మునిగి తేలాడు.

నీటిని జయించడం అయింది. ఇక మిగిలిన శత్రువు పడవ లోపలే ఉంది. అది గాలి.

గంధకామ్లంలో సీసపు పలకలు ముంచిన ఘటాన్ని విద్యుత్తుతో నింపేటప్పుడు ఆ విద్యుత్తు మొదట పలకలపై రసాయన మార్పు తెస్తుంది. మార్పు పూర్తికావచ్చే వేళకు, ఇంకా వచ్చిపడే విద్యుత్తుకు వేరే పని లేక నీటినే విడగొడుతుంది. ఒక పలకవద్ద హైడ్రోజన్, రెండవ పలకవద్ద ఆక్సిజన్ బుడగలై పైకి వస్తాయి. హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. వాయువులన్నింటిలో తేలికైనది కనుక పైకప్పు కింద చేరి నిశ్శబ్దంగా పేరుకొంటుంది. గాలిలో దాని పాలు నూటికి నాలుగు దాటితే మంట అంటుకోగలదు. ఇంకా పెరిగితే పేలిపోతుంది. నిప్పురవ్వ ఎక్కడినుండో రానక్కరలేదు. స్విచ్చి వేసినప్పుడు తీగల మధ్య మెరిసే చిన్న మెరుపు చాలు. ఇంట్లోని బ్యాటరీనుండి వచ్చే వాయువు కిటికీ వెంట పోతుంది. జలాంతర్గామికి కిటికీ లేదు. పైగా విద్యుత్తు నింపడం ఆపిన తరువాత కూడా ఘటాలనుండి వాయువు కొంతసేపు వెలువడుతూనే ఉంటుంది. పని ముగిసిందనుకొని వెంటనే మూతలు బిగించి మునిగినవారు ప్రమాదాన్ని వెంటబెట్టుకొని దిగినట్లే.

సముద్రజలం ఘటాల్లోకి చేరితే అది మరొక విపత్తు. ఉప్పులోని క్లోరైడు విద్యుత్తు, ఆమ్లాల సంపర్కంతో క్లోరిన్ వాయువై వెలువడుతుంది. ఇది కంటికి ఆకుపచ్చని పసుపుగా కనిపిస్తుంది, ముక్కుకు ఘాటుగా తెలుస్తుంది. కాని తెలిసేసరికే ఊపిరితిత్తులను కాలుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో 1915 ఏప్రిల్ నెలలో ఈప్ర వద్ద సైనికులపై వదిలిన విషవాయువు ఇదే. బ్యాటరీగదిలోకి కొన్ని బిందెల ఉప్పునీరు వస్తే చాలు, బయటి శత్రువుతో పనిలేదు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు, పెట్రోలు ఆవిరి ఈ రెంటికీ తోడు.

హాలండ్ ఆరవ పడవ ఈ పాఠాన్ని తొలినాళ్ళలోనే నేర్చుకొంది. 1899లో లాంగ్ ఐలండ్ తీరంలో పరీక్షలు జరుగుతున్నప్పుడు ఒకనాడు ఇంజను పొగ పడవలోకి కారింది. వాసన లేని కార్బన్ మోనాక్సైడు సిబ్బందిని ఒక్కరొక్కరుగా స్పృహ తప్పించింది. నడిపేవాడు లేని నౌక గ్రీన్‌పోర్ట్ రేవుకు వచ్చి కట్టను గుద్దుకొంది. గట్టునున్నవారు మూత తెరచి చూస్తే మనుషులంతా పడివున్నారు. అదృష్టవశాత్తు ఎవరి ప్రాణమూ పోలేదు. అటుపిమ్మట పంజరంలో చిట్టెలుకలను పడవలోకి తీసుకొనిపోయే అలవాటు వచ్చింది. మనిషికన్నా ముందు అవి సొమ్మసిల్లుతాయి కనుక అవే కాపలాదారులు.

ఈ రోజుల్లోనే ఐజాక్ రైస్ అనే ధనికుడు రంగంలోకి వచ్చాడు. అతడు న్యాయవాది, చదరంగ ప్రియుడు. అన్నింటికీ మించి ఫిలడెల్ఫియాలోని బ్యాటరీ సంస్థకు అధిపతి. హాలండ్ పడవలోని ఘటాలు అతని సంస్థవే. పడవలో ప్రయాణించి ముచ్చటపడిన రైస్ 1899 ఫిబ్రవరిలో ‘ఎలక్ట్రిక్ బోట్’ అనే కొత్త సంస్థను స్థాపించి హాలండ్ సంస్థను, అతని పేటెంట్లను అందులో కలిపివేశాడు. 1900 ఏప్రిల్ 11న అమెరికా నౌకాదళం ఆ పడవను లక్షాయాభై వేల డాలర్లకు కొన్నది. అదే సంవత్సరం అక్టోబరులో ‘హాలండ్’ అనే పేరుతోనే అది నౌకాదళంలో చేరింది. పాతికేళ్ళ కృషి ఫలించిన ఆ క్షణానికి ఆవిష్కర్త తన ఆవిష్కరణకు యజమాని కాడు; జీతగాడు.

రైస్ వర్తకుడు. కొనేవారు ఎవరైనా అతనికి ఒకటే. బ్రిటిష్ నౌకాదళం కూడా హాలండ్ నమూనా పడవలను కోరింది. బారో పట్టణంలోని విక్కర్స్ సంస్థ వాటిని నిర్మించింది. మొదటిది 1901 అక్టోబరు 2న నీటిలోకి దిగింది. బ్రిటిష్ నౌకలను ముంచడానికి ఐరిష్ కూలీల చందాలతో పుట్టిన ఆలోచన బ్రిటిష్ నౌకాదళపు తొలి జలాంతర్గామిగా అవతరించింది. చరిత్రలో ఇంతకన్నా చేదైన పరిహాసం అరుదు.

ఆ పడవలతోపాటు వాటిలోని గాలి కూడా దేశాలు దాటింది. 1903 మార్చిలో బ్రిటన్ తొలి జలాంతర్గామిలో పేలుడు సంభవించి నలుగురు గాయపడ్డారు. 1905 ఫిబ్రవరి 16న, హాలండ్ నమూనానుండి అభివృద్ధి చేసిన ‘ఏ-5’ అనే పడవలో పెట్రోలు నింపుకొన్న తరువాత ఆవిరి అంటుకొని ఆరుగురు మరణించారు. ఆ దుర్ఘటన జరిగిన క్వీన్స్‌టౌన్ రేవు కార్క్ నగరానికి చెందినదే. ఏ ఊరిలో యువకుడైన హాలండ్ విద్యుత్ పాఠాలు నేర్చుకొన్నాడో ఆ ఊరి గుమ్మంలోనే ఆ నావికులు బలయ్యారు.

హాలండ్‌కు అప్పటికే ‘ఎలక్ట్రిక్ బోట్’తో తెగిపోయింది. తన నమూనాలను తనను సంప్రదించకుండా మార్చివేయడం అతడు సహించలేక 1904లో రాజీనామా చేశాడు. స్వతంత్రంగా కొత్త జలాంతర్గామి నిర్మించబోతే పాత సంస్థ న్యాయస్థానానికి ఈడ్చింది. పేటెంట్లు వారివి, అతని పేరుతో సంస్థ నడిపే హక్కు సైతం అతనికి చిక్కలేదు. పెట్టుబడిదారులు భయపడి తప్పుకొన్నారు.

అతని మాట చెల్లిన చోటు ఒక్క జపాన్. రష్యాతో యుద్ధకాలంలో జపాన్ అమెరికానుండి హాలండ్ తరహా పడవలు ఐదింటిని తెప్పించుకొంది. దానితోపాటు హాలండ్ స్వయంగా పంపిన చిత్రాల ఆధారంగా కోబే నగరంలోని కవాసాకి నౌకాశాలలో మరి రెండు పడవలను నిర్మించింది. జపాన్ చక్రవర్తి అతనికి ‘ఉదయభాను’ పతకాన్నిచ్చి సత్కరించాడు. ఆ రెంటిలో ఒకదానికి ఆరవ సంఖ్య.

1910 ఏప్రిల్ 15 ఉదయం ఆ ఆరవ పడవ హిరోషిమా సమీపంలోని సముద్రంలో శిక్షణకు బయలుదేరింది. నాయకుడు సకుమా త్సుతోము అనే యువ అధికారి. పెట్రోలు యంత్రం నడుస్తూ ఉండగా గాలిగొట్టాన్ని మాత్రం నీటిపై ఉంచి పడవను సగం ముంచి నడిపే ప్రయత్నం జరిగింది. పడవ ఎక్కువ లోతుకు దిగింది. గొట్టంలోకి నీరు దూకింది. కవాటాన్ని మూసే గొలుసు తెగింది. చేతితో మూసేసరికి ఆలస్యమైంది. విద్యుత్ ఫలకం నీట మునిగి దీపాలు ఆరిపోయాయి. తీగలు కాలి విషపు పొగ నిండింది. పెట్రోలు ఆవిరి తల తిప్పసాగింది. సుమారు 16 మీటర్ల లోతున, పద్నాలుగు మంది, చీకటిలో చిక్కుకొన్నారు. చేతిపంపులతో నీటిని తోడడానికి ప్రయత్నించారు. ఫలితం లేకపోయింది.

సకుమా పైకప్పు చిన్న కిటికీ వెలుగులో ఒక పుస్తకంలో రెండు గంటలకు పైగా వ్రాస్తూ కూర్చున్నాడు. పడవను పోగొట్టినందుకు చక్రవర్తిని క్షమాపణ వేడుకొన్నాడు. ప్రమాదం ఎలా జరిగిందో, ఏ గొలుసు తెగిందో, ఏ వాయువు ఎలా నిండిందో తరువాతివారికి పనికివచ్చేలా వివరించాడు. చనిపోయిన తన నావికుల కుటుంబాలను పోషించమని అర్థించాడు. పన్నెండున్నర దాటిన తరువాత వ్రాత ఆగిపోయింది. పడవను పైకి లాగిన రోజు, మూతవద్ద ప్రాణభయంతో తొక్కిసలాడుకొన్న శవాలు కనిపిస్తాయని అనుకొన్నవారికి ఎవరి పనిచోట వారే ఉన్న దేహాలు కనిపించాయి. సకుమా వ్రాత వీరత్వానికి నిదర్శనంగా లోకమంతటా ప్రసిద్ధి చెందింది. దానిని సాంకేతిక నివేదికగా చదివినవారు తక్కువ. నిజానికి ఊపిరాడని మనిషి విషవాయువును గూర్చి ఇచ్చిన సాక్ష్యం అది.

జీవితపు చివరి సంవత్సరాల్లో హాలండ్ న్యూజెర్సీలోని నెవార్క్‌లో నిరాడంబరంగా గడిపాడు. ఎగిరే యంత్రాలను గూర్చి పరిశోధించాడు. చర్చి పిల్లలకు పాఠాలు చెప్పాడు. 1914 ఆగస్టు 12న కన్నుమూశాడు. బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించి అప్పటికి ఎనిమిది రోజులు. నలభై రోజులు గడిచాక, సెప్టెంబరు 22న, ‘యు-9’ అనే ఒకే ఒక్క జర్మన్ జలాంతర్గామి ఒక్క ఉదయంలో మూడు బ్రిటిష్ యుద్ధనౌకలను ముంచివేసింది. పేద ఐర్లండు కోసం కార్క్‌లో కూర్చొని ఊహించిన దృశ్యాన్ని మరొక సామ్రాజ్యం నిజం చేసింది.

క్లోరిన్ భయాన్ని తొలగిస్తానని థామస్ ఎడిసన్ ఆమ్లం అక్కరలేని నికెల్-ఇనుము బ్యాటరీని జలాంతర్గాములకు ఇచ్చాడు. క్లోరిన్ తొలగింది గాని హైడ్రోజన్ తొలగలేదు. 1916 జనవరి 15న న్యూయార్కులోని బ్రూక్లిన్ నౌకాశాలలో ఆ బ్యాటరీ అమర్చిన ‘ఈ-2’ జలాంతర్గామి హైడ్రోజన్ పేలుడుకు గురై పలువురు మరణించారు. నూరేళ్ళకు దగ్గరపడ్డాక, 2010 ఫిబ్రవరిలో, మన విశాఖపట్నం రేవులోనే ‘సింధురక్షక్’ బ్యాటరీగదిలో కవాటం లోపంవల్ల వెలువడిన హైడ్రోజన్ అంటుకొని ఒక నావికుడు ప్రాణాలు కోల్పోయాడు. అందుకే ఘటాలపై నిరంతరం గాలి వీచే పంకాలు, హైడ్రోజన్ పాలును కొలిచే పరికరాలు, విద్యుత్తు నింపే వేళ పాటించవలసిన కఠిన నియమాలు ఏర్పడ్డాయి. హాలండ్ వలె ఇంటివద్దనే ఒకరిద్దరు పట్టే జలాంతర్గామి కట్టుకొనే ఔత్సాహికులు పాశ్చాత్య దేశాల్లో నేటికీ ఉన్నారు. వారిలో వివేకం గలవారు బ్యాటరీలను మనిషి కూర్చొనే గదిలో ఉంచరు. బయట వేరే గొట్టాల్లో బంధిస్తారు. లోపల ఉంచక తప్పనివారు విద్యుత్తు నింపిన తరువాత మూతలు తెరచి గాలి పూర్తిగా మారనిచ్చి గాని దిగరు.

‘ఫీనియన్ రామ్’ను 1916లో న్యూయార్కులో ప్రదర్శనకు పెట్టి, ఐర్లండు తిరుగుబాటు బాధితుల సహాయార్థం విరాళాలు సేకరించారు. ఇప్పుడది పేటర్సన్‌లో తన అన్నయైన 14 అడుగుల పడవ సరసన ఉంది. బ్రిటన్ తొలి జలాంతర్గామి ‘హాలండ్-1’ 1913లో పాత ఇనుముగా అమ్ముడుపోయి, లాగుకొనిపోతూ ఉండగా సముద్రంలో మునిగింది. 1981లో దానిని కనుగొని, మరుసటి ఏడు పైకి తెచ్చారు. గాస్‌పోర్ట్ ప్రదర్శనశాలలో నిలిపిన తరువాత పడవ ఇనుము లోలోపల కరిగిపోసాగింది. దాదాపు డెబ్భై ఏళ్ళు ఉప్పునీటిలో నాని లోహంలో ఇంకిన క్లోరైడే దానికి కారణమని తేలింది. పడవ చుట్టూ పెద్ద తొట్టి కట్టి, సోడియం కార్బొనేటు ద్రావణం నింపి, దానిని నాలుగేళ్ళపాటు అందులో ముంచి ఉంచారు. క్లోరైడు పూర్తిగా కడిగిపోయిన తరువాత, 2001లో, తేమ చొరబడని ప్రత్యేక భవనంలో అది మళ్ళీ ప్రజల దర్శనానికి వచ్చింది. గాలిని అదుపుచేసిన ఆ భవనంలో సందర్శకులు వంగి పడవలోకి దిగి చూడవచ్చు.